అంగుళం పిస్టన్

మా షెడ్డులో, నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక పాత కాలిపర్ పెట్టుకుంటాను. కాలిపర్ అంటే మరేం లేదు, మనం పెడల్ తొక్కగానే చక్రం లోపలి డిస్కును రెండువైపులా గట్టిగా పట్టుకుని ఆపే పిడికిలి. దీనికి అటు రెండు, ఇటు రెండు, డిస్కు మీదికి నెట్టే పిస్టన్లు మొత్తం నాలుగు. ఒక్కొక్కటీ అడ్డంగా సరిగ్గా అంగుళం. నేనే లేత్ మీద తిప్పాను. ఆ రోజుల్లో కోయంబత్తూరు మొత్తం మీద నాకంటే నున్నగా పిస్టన్ తిప్పినవాడు ఎవడైనా ఉంటే వచ్చి నా ఎదురుగా నిలబడమనండి.

ఇరవై రెండేళ్ల కిందట దాన్నీ, దాని జతనీ తిరుమూర్తి ర్యాలీ కారు ముందు చక్రాలకి బిగించాను. తిరుమూర్తి నా చిన్ననాటి స్నేహితుడు. సింగానల్లూరులో మా ఇళ్లు పక్కపక్కనే. వాడు నడపడం, నేను బిగించడం, అదీ మా లెక్క. ఆ ఏడు వాల్పారై టీ తోటల్లో దిగుడు దారిన, ఒక మలుపులో, కారు గిర్రున తిరిగి తేయాకు పొదల్లోకి వెళ్లిపోయింది. పక్కన కూర్చుని దారి చదివేవాడికి భుజం ఎముక విరిగింది. తిరుమూర్తి మీద చిన్న గాయం కూడా లేదు.

నేను ఆ సాయంత్రమే వెళ్లి రోడ్డు చూశాను. నల్లటి టైరు చారలు రెండే ఉన్నాయి, రెండూ వెనక చక్రాలవే. ముందు చక్రాలు రోడ్డును గీరిన జాడే లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగితే బిగుసుకునేవి వెనక చక్రాలే. అక్కడ పది మంది ఉన్నారు. ఆ పది మంది ముందే అనేశాను.

"భయపడ్డావు. పెడల్ తొక్కాల్సిన కాలు తొక్కలేదు, చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్రేక్ లాగేసింది."

"లాగానా? నాకు గుర్తు లేదురా నాచిముత్తూ."

"రోడ్డు చెబుతోంది కదరా! కళ్లు పెట్టి చూడు."

వాడు చూశాడు. చారలు రెండే ఉన్నాయి. మర్నాటికల్లా ఊళ్లో కార్ల వాళ్లందరికీ తెలిసిపోయింది, తిరుమూర్తికి మలుపులో గుండె జారిందని. నా మాటకి అప్పట్లో అంత విలువ. నేను చెబితే ఇక రెండో మాట ఉండేది కాదు.

ఆ తర్వాత వాడు స్టీరింగ్ ముట్టుకోలేదు. పిండి రుబ్బే గ్రైండర్ల షాపు పెట్టుకున్నాడు. ఎక్కడికెళ్లినా బస్సే. నన్ను పల్లెత్తు మాట అనలేదు, రోజూ సాయంత్రం మా షెడ్డుకొచ్చి టీ తాగి వెళ్తాడు. ఇంకొకడైతే నా మొహం చూసేవాడా? ఒక్క పని మాత్రం మొదలుపెట్టాడు. ప్రతి మంగళవారం పొద్దున్నే మరుదమలై కొండ గుడి మెట్లెక్కుతాడు. ఎనిమిది వందల పైచిలుకు మెట్లు. ఊరంతా మురుగన్ మీద భక్తి అనుకుంటుంది. అసలు సంగతి నాకొక్కడికే చెప్పాడు.

"కాల్లో బలం చాలలేదేమోరా. బలం ఉంటే ఆ రోజు గట్టిగా తొక్కేవాణ్ని."

దానికి నేనేం చేశాను? నవ్వాను. ఇన్నేళ్లుగా ప్రతి మంగళవారం సాయంత్రం, "ఏరా, కాలు ఎంత లావెక్కింది? చూపించు" అని ఏడిపిస్తూనే ఉన్నాను. వాడూ పంచె కాస్త పైకెత్తి పిక్క చూపించి నవ్వేవాడు.

ఆమధ్య ఒక గురువారం వాడి కూతురు కయల్విళి షెడ్డుకొచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, పంపుల కంపెనీలో ఇంజనీరు. సొంత జీతంతో పాత చిన్న కారు ఒకటి కొని, ఆదివారాలు పల్లడం దగ్గర మట్టి ట్రాకు మీద తిప్పి తిప్పి, ఇప్పుడు ర్యాలీకి పేరిచ్చింది. ఈ ఆదివారం కాదు, పై ఆదివారమే. అదే వాల్పారై కొండ మీద.

"మామా, ముందు చక్రాల బ్రేకులు మార్చాలి" అంది కుర్చీ లాక్కుంటూ. "దిగుడులో నాలుగు కిలోమీటర్లకే వేడెక్కి పట్టు వదిలేస్తున్నాయి. పెద్ద డిస్కు కొన్నాను. నాలుగు పిస్టన్ల కాలిపర్ చెప్పి ఉంచాను. పిస్టన్ సైజు నువ్వు సరేనంటే రేపు తెప్పిస్తా."

"నాలుగు పిస్టన్లు వద్దు. మన ఇంటికి అచ్చిరాలేదు."

"అచ్చిరావడమేంటి మామా, బ్రేకులకి కూడా జాతకాలా?"

"నోరు ఎక్కువైంది నీకు. మీ నాన్న ఏమన్నాడు?"

ఆ మాటకి పిల్ల మొహం చిన్నబోయింది. బల్ల మీది కాలిపర్‌ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"రానంటున్నాడు మామా. స్టార్టు దగ్గర ఒక్కసారి నిలబడు చాలు అన్నా. 'మన రక్తంలోనే భయముందమ్మా, అది నీకూ వచ్చి ఉంటుంది, ఆ మలుపులో నిన్ను నేను చూడలేను' అంటాడు. నాకు భయం లేదు మామా. కానీ ఆయన అలా అన్నప్పుడల్లా, నిజంగానే ఉందేమో, అక్కడికి వెళ్లాకే తెలుస్తుందేమో అనిపిస్తోంది."

కోపం తెచ్చుకున్నాను. నాకు ఏం చెప్పాలో తోచనప్పుడల్లా కోపం వస్తుంది.

"సైజు ఎంత అనుకున్నావు?"

"ముప్పై ఆరు మిల్లీమీటర్లు."

"ఒక్కొక్కటా?"

"అవును, ఒక్కొక్కటీ."

"కొంప ముంచావు!" అన్నాను. "నాలుగు ముప్పై ఆర్లు పెడితే పెడల్ పాతాళానికి దిగిపోతుంది. మీ కంపెనీలో లెక్కలు నేర్పరా?"

సుద్దముక్క తీసి నేల మీద కూర్చున్నాను. మా షెడ్డులో లెక్కలన్నీ సిమెంటు నేల మీదే. వచ్చినవాళ్లు వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. అది ఇక్కడి పద్ధతి.

"ఇదిగో చూడు. ఫ్యాక్టరీ వాడిచ్చిన కాలిపర్‌కి పిస్టన్ ఒక్కటే, యాభై ఒక్క మిల్లీమీటర్లు. దాని ముఖం వైశాల్యం రెండు వేల నలభై మూడు చదరపు మిల్లీమీటర్లు. పిస్టన్లు ఎన్ని మార్చినా, మొత్తం ముఖం దీనికి సరిపోవాలి. పెద్దదైతే బ్రేకు నూనె ఎక్కువ తాగుతుంది, పెడల్ లోపలికి పోతుంది. చిన్నదైతే పెడల్ రాయిలా ఉంటుంది గానీ పట్టు ఉండదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

"నీ ముప్పై ఆరుకి వెయ్యిన్నీ పద్దెనిమిది. నాలుగింటికి నాలుగు వేల డెబ్బై రెండు. రెట్టింపు! అదే అంగుళం పిస్టన్ తీసుకో. ఐదు వందల ఏడు. నాలుగింటికి రెండు వేల ఇరవై ఎనిమిది. సరిగ్గా అతికినట్టు సరిపోయింది. అప్పుడూ ఇదే వేశాను."

రాసిన అంకెల కింద గట్టిగా గీత గీసి తలెత్తాను. కయల్ ఆ అంకెల వంక చూస్తోంది, నవ్వడం లేదు.

"మామా, నాలుగూ ఎందుకు కలిపావు?"

"నాలుగున్నాయి కాబట్టి కలిపాను. మూడు కలపమంటావా?"

"రెండు కలపాలి. ఒక వైపువే."

"ఓహో! మిగతా రెండూ చూసిపోవడానికి వచ్చాయా?"

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. బ్రేకుల్లోకి రాకముందు పద్దెనిమిదేళ్లు హైడ్రాలిక్ ప్రెస్సులు బిగించిన చెయ్యి నాది. మా ఊళ్లో సగం మంది పంపుల్లోంచి, ప్రెస్సుల్లోంచి వచ్చినవాళ్లమే. నాలుగు సిలిండర్ల ప్రెస్సుకి నాలుగూ కలిపి బలం కట్టడం మాకు నిద్రలో కూడా వచ్చే లెక్క. అందులో తప్పుందని ఒక చిన్నపిల్ల వచ్చి చెబితే ఎలా ఉంటుంది చెప్పండి!

"ప్రెస్సులో నాలుగూ ఒకే పలకని ఒకే వైపు నెడతాయి మామా" అంది. "ఇక్కడ రెండు ఇటు నుంచి, రెండు అటు నుంచి. ఎదురెదురు."

"ఎదురెదురైతే పట్టు రెట్టింపు అవ్వదా?"

"అవ్వదు. లే, చూపిస్తా."

పాత సామాన్ల డబ్బాలో వెతికి సన్నటి స్ప్రింగొకటి తీసింది. ఒక కొసని గోడకి ఆనించి, రెండో కొసకి నా బొటనవేలు పెట్టించింది. "నొక్కు. ఇంకా. ఆఁ, అక్కడ ఆపు." స్ప్రింగు ఎంత కుంచించుకుందో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టింది. తర్వాత గోడ దగ్గర్నుంచి జరిపి, నా ఎదురుగా నిలబడి, గోడకి బదులు తన బొటనవేలు పెట్టింది.

"ఇప్పుడు ఇందాకటి అంతే నొక్కు. నేనూ అంతే నొక్కుతా."

నొక్కాం. దాన్ని అలాగే పట్టుకుని గోడ మీద గుర్తు పక్కన పెట్టాం. అంతే పొడవు. ఒక్క నూలు తేడా లేదు.

"ఇద్దరం నొక్కాం, రెట్టింపు కాలేదు కదా? ఇందాక గోడ కూడా నీ అంత నొక్కింది మామా, నీకు కనపడలేదంతే. ఫ్యాక్టరీ కాలిపర్‌లో రెండో వైపు పిస్టన్ ఉండదు, కాలిపర్ ఒళ్లే జరిగివచ్చి గోడలా అటునుంచి నొక్కుతుంది. అందుకే నాలుగు పిస్టన్లున్నా ఒక వైపువే లెక్క. ముప్పై ఆరువి రెండు, రెండు వేల ముప్పై ఆరు. పెడల్ మారదు, పట్టు మారదు. డిస్కు మాత్రం పెద్దది, వేడి తట్టుకుంటుంది."

స్ప్రింగు ఇంకా నా చేతిలోనే ఉంది. నేను మళ్లీ నేల మీద అంకెల వంక చూశాను. అంగుళం పిస్టన్ ఐదు వందల ఏడు. ఒక వైపు రెండు. వెయ్యిన్నీ పద్నాలుగు. కావాల్సింది రెండు వేల నలభై మూడు.

సగం. నేను వాడికి సగం బ్రేకు ఇచ్చాను.

ఆ అంకెల పక్కనే నేల మీద కూర్చున్నాను. ముందు చక్రాలకి సగం పట్టే ఉంటే, వెనక చక్రాలది ఎప్పటి పట్టే. మనిషి ప్రాణం మీదికొచ్చి మొత్తం బలంతో తొక్కితే ఏమవుతుంది? వెనక చక్రాలు ముందే బిగుసుకుపోతాయి, ముందువి ఇంకా తిరుగుతూనే ఉంటాయి. కారు గిర్రున తిరుగుతుంది. రోడ్డు మీద చారలు రెండే పడతాయి. హ్యాండ్‌బ్రేకు ఎవడూ లాగలేదు. వాడు తొక్కాడు. ఎంత గట్టిగా తొక్కితే ఆ చారలు అంత నల్లగా పడతాయో నాకు తెలియదా?

బయల్దేరే ముందు రోజు వాడన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. "పెడల్ రాయిలా ఉందిరా" అన్నాడు. "రేసు కారు అలాగే ఉంటుందిరా, నీ అత్తారింటి సోఫా అనుకున్నావా" అని నేను పకపకా నవ్వాను. బిగించింది ఆ ముందు రోజే. కొండ మీద పరీక్షించడానికి టైమెక్కడిది? మా వీధిలో రెండు రౌండ్లు తిప్పి పంపేశాను.

"మామా, ఒంట్లో బాలేదా? మొహం అలా అయిపోయిందేంటి?"

"ముప్పై ఆరే తెప్పించు" అన్నాను. "నేనే బిగిస్తాను. ఇప్పుడు ఇంటికెళ్లు."

ఆ సాయంత్రం తిరుమూర్తి మామూలుగానే టీకొచ్చాడు. చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. శనివారం కాలిపర్లు వచ్చాయి, ఆదివారం బిగించాను, సోమవారం కయల్ దాన్ని కొండ మీద దింపి చూసుకుని వచ్చి ముద్దొచ్చేలా నవ్వింది. అప్పుడూ చెప్పలేదు. సిగ్గు అనుకోకండి. సిగ్గయితే ఓర్చుకోవచ్చు. తప్పు నాదని ఒప్పుకుంటే ఆ ఇరవై రెండేళ్లూ నావి అవుతాయి, వాటిని ఎలా మొయ్యాలో తెలియలేదు. కానీ ఆ పిల్ల ఆదివారం ఆ మలుపులోకి వాళ్ల నాన్న భయాన్ని వెంటేసుకుని వెళ్తుంది. లేని భయాన్ని. అదొక్కటే నన్ను కూర్చోనివ్వలేదు. ఆ సోమవారమే కయల్‌కి ఫోన్ చేసి, రేపు పొద్దున్నే కారు తీసుకుని మరుదమలై పైకి రోడ్డున వచ్చి ఉండమన్నాను.

మంగళవారం తెల్లవారగానే మెట్ల మొదట్లో నిలబడ్డాను. చేతిలో పసుపు సంచి, సంచిలో కాలిపర్. తిరుమూర్తి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏరా, దారి తప్పావా?"

"నీతో ఎక్కుదామని."

"నువ్వా! నీ మోకాళ్లకి చెప్పే వచ్చావా?" అని నవ్వి ముందు నడిచాడు.

వంద మెట్లకే నాకు ఊపిరి ఆడలేదు. వాడు మేకలా ఎక్కుతున్నాడు. సగం దారిలో మండపం దగ్గర చతికిలబడ్డాను. వాడు పక్కన కూర్చుని నీళ్ల సీసా ఇచ్చాడు. తాగాను. సంచిలోంచి కాలిపర్ తీసి వాడి ఒళ్లో పెట్టాను.

"ఇదెందుకు మోసుకొచ్చావురా? పిచ్చి పట్టిందా?"

చెప్పాను. నాలుగూ కలిపానని, రెండే కలపాలని, సగం బ్రేకిచ్చి పంపానని, వెనక చక్రాలు ముందే బిగుసుకున్నాయని. ఊపిరందక ముక్కలు ముక్కలుగా చెప్పాను. అంతా విన్నాక వాడు ఒకటే అడిగాడు.

"హ్యాండ్‌బ్రేకు?"

"నువ్వు లాగలేదు."

"మరి కాలు?"

"తొక్కావురా. నీ కాలు తొక్కాల్సినంతా తొక్కింది. నేనే సరిగ్గా కట్టలేదు."

తిరుమూర్తి కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పిక్క దాకా నెమ్మదిగా నిమిరాడు. మెట్లెక్కే ఆడవాళ్లు మమ్మల్ని చూసుకుంటూ దాటి వెళ్లారు. వాడు తిడితే బాగుండుననిపించింది. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండుననిపించింది.

"ఇరవై రెండేళ్లు ఈ కాలుని తిట్టుకున్నానురా" అన్నాడు. "స్నానం చేసేటప్పుడు కూడా తిట్టేవాణ్ని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అరవై నాలుగేళ్ల ముసలాణ్ని, మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

"చాల్లే, లే" అన్నాడు. "ఇంకా సగం ఉంది."

పైన కయల్ కారు పక్కన నిలబడి ఉంది. తిరుమూర్తి దర్శనం చేసుకుని, విభూతి పెట్టుకుని వచ్చి, కూతురి ముందు చెయ్యి చాపాడు. అమ్మాయికి అర్థం కాలేదు. ప్రసాదం పెట్టబోయింది.

"తాళం" అన్నాడు.

"నాన్నా? లైసెన్సు..."

"ఉంది."

పర్సులోంచి తీసి చూపించాడు. గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయించుకుంటూనే ఉన్నాడట. ఒక్క రోజు కూడా నడపనివాడు. ఆ సంగతి నాక్కూడా తెలియదు.

నేను పక్కన కూర్చున్నాను, కయల్ వెనక. మొదట్లో ఎద్దుబండిలా నడిపాడు. మొదటి మలుపు వచ్చింది. తొక్కాడు. కారు బుద్ధిగా తల వంచి ఆగినంత పని చేసింది. రెండో మలుపుకి కాస్త ఆలస్యంగా తొక్కాడు. మూడోదానికి ఇంకా ఆలస్యంగా, ఇంకా గట్టిగా. నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. వాడు నా వంక తిరగకుండానే అన్నాడు.

"ఆ రోజు కూడా ఇలాగే తొక్కాను."

"అవునురా" అన్నాను.

ఆ రోజు సంగతి అప్పుడర్థమై, వెనక సీట్లో కయల్ గుక్కపట్టి ఏడుస్తోంది. వాడికి వినపడుతోంది, అయినా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

కొండ దిగాక కారు పక్కకి తీసి ఆపి, కాలిపర్ తీసుకో అన్నట్టు నా ఒళ్లో పడేశాడు. "వచ్చే మంగళవారం నేను రోడ్డున వస్తాను. నువ్వు మెట్లెక్కు" అన్నాడు.

"నేనా?"

"నన్ను తప్పుడు లెక్కకి ఎక్కించావు కదరా. ఇప్పుడు సరైన లెక్కకి నువ్వెక్కు."

ఆదివారం కయల్ పదకొండో స్థానంలో వచ్చింది. వాళ్ల నాన్న స్టార్టు దగ్గర నిలబడలేదు. పొద్దున్నే కొండ దిగి వెళ్లి, ఆ మలుపులో, ఆ తేయాకు పొదల పక్కనే నిలబడ్డాడు. కారు వచ్చి, బ్రేకు పడి, మలుపు తిరిగి వెళ్లిపోయేదాకా కళ్లార్పలేదు.

నేను ఇప్పటికి ఆరు మంగళవారాలు ఎక్కాను. వాడు పైన కారుకి ఆనుకుని వాచీ చూస్తూ ఉంటాడు. నేను రొప్పుతూ చేరగానే, "ఏరా, కాలు ఎంత లావెక్కింది? చూపించు" అంటాడు. నేను పంచె ఎత్తి చూపిస్తాను. వాడిలా ఇరవై రెండేళ్లూ ఎక్కాలంటే నాకు ఎనభై ఆరేళ్లు రావాలి. ఈ లెక్క మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నాను.